గోడ తాంబూలం

అనగనగా రత్నకూటమని ఒక నగరం. ఆ నగరానికి ఒక రాజు ఉన్నాడు గానీ, ఈ కథలో ఆయనకు పెద్దగా పనిలేదు. ఆయన తన కోట చుట్టూ ఏడేళ్ళపాటు కొత్త గోడ కట్టించాడు. అంతవరకే ఆయన పని. ఆ గోడకు సున్నం తోలినవాడు తిప్పన్న. ఇక కథంతా అతనిదే.

నగరానికి పడమట, ఏటి ఒడ్డున సున్నపు వీధి ఉండేది. అక్కడివాళ్ళు సముద్రపు గుల్లలు తెప్పించి బట్టీల్లో కాల్చేవారు. కాలిన గుల్ల మీద నీళ్ళు పోస్తే అది విరిసి పొడి అయ్యేది. విరిసిన సున్నాన్ని తొట్లలో నెలల తరబడి మాగబెట్టేవారు. మాగాక అందులో ఇసుక కలిపి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి, ఎద్దు తిప్పే గానుగలో మెత్తగా రుబ్బేవారు. దాన్నే గచ్చు అంటారు. నగరంలో ఏ మేడ గోడ నున్నగా మెరిసినా అది ఆ వీధి చలవే.

తిప్పన్నకు అమ్మానాన్నలు చిన్నప్పుడే పోయారు. అక్క అంకమ్మే పెంచింది. గుల్లల తట్ట నెత్తిన పెట్టుకుని, తమ్ముణ్ణి చంకన వేసుకుని, ఆ వీధిలో ఆమె తిరగని గడప లేదు. తమ్ముడు పెద్దవాడై సొంత గానుగ పెట్టాడు. రాజుగారి గోడ పుణ్యమా అని ధనవంతుడూ అయ్యాడు. అయినా అక్కాతమ్ముళ్ళ చేతులు మాత్రం మారలేదు. అరచేతి గీతల్లో తెలుపు, గోళ్ళ చుట్టూ పగుళ్ళు. ఎంత నూనె రాసినా, ఎంత తోమినా ఆ తెలుపు పోయేది కాదు.

ఒకసారి నగల వర్తకుడు ఒకాయన తన కూతురి పెళ్ళికి తిప్పన్నను పిలిచాడు. తిప్పన్న పట్టుపంచె కట్టుకుని వెళ్ళి భోజనాల బంతిలో కూర్చున్నాడు. తిని లేచేసరికి, చెయ్యి ఆనించిన చోట పీట మీద తెల్లటి మరక పడి ఉంది. పెళ్ళివారి మనిషి ఒకడు తడిగుడ్డ తెచ్చి, అందరూ చూస్తుండగా ఆ పీటను ఒకటికి మూడుసార్లు తుడిచాడు. బంతిలో ఎవరో కిసుక్కున నవ్వారు.

నవ్వినవాళ్ళు ఆ వెంటనే తాంబూలాలు వేసుకున్నారు. తమలపాకుకు రాసుకున్న సున్నం తిప్పన్న వీధిలోదే. అది మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. తిప్పన్నకూ గుర్తు రాలేదు. అతని చెవుల్లో ఆ నవ్వే మోగుతోంది. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. మూడోసారి కడుక్కుంటుంటే అంకమ్మ చూసి, "ఏమైందిరా?" అంది.

"ఈ వీధి వదిలిపోదామక్కా. చిరుగాలిపేటలో మేడ కొంటాను" అన్నాడు తిప్పన్న.

చిరుగాలిపేట నగరానికి తూర్పున, కోట దాటాక ఉన్న మిట్ట మీద ఉంది. మంత్రులు, పెద్ద వర్తకులు, ఆస్థాన వైద్యులు అక్కడ ఉంటారు. ప్రతి ఇంటికీ పూలతోట, తోటలో ఉయ్యాల, ఉయ్యాల పక్కన నీళ్ళు చిమ్మే తొట్టి. దుమ్ముండదు, పొగుండదు. నగరంలో అందరూ ఎండకు మాడిపోతుంటే, అక్కడివాళ్ళు సాయంత్రమయ్యేసరికి శాలువా కప్పుకుంటారట. నిజమో కాదో మనకు తెలియదు.

"అంత దూరం వెళితే గానుగ ఎవరు చూస్తారురా?" అంది అంకమ్మ.

"పనివాళ్ళు చూస్తారు. అక్కడ మనమెవరో ఎవరికీ తెలియదక్కా. అదే నాకు కావాలి."

అంకమ్మకు మనసులో ఏదో గుచ్చుకుంది. కానీ తమ్ముడి ముఖం చూసి, సరేనంది.

తిప్పన్న గంటలు కట్టిన కొత్త బండి చేయించాడు. దానికి గానుగ ఎద్దునే కట్టాడు. తెల్లగా, నిండుగా, చూడటానికి రాజసంగా ఉండే ఎద్దు అది. అయితే దానితో ఒక చిక్కుంది. అది అంకమ్మ మాట తప్ప మరొకరి మాట వినదు. కాబట్టి బండి అంకమ్మే తోలాలి. తిప్పన్న పొడవాటి పట్టు ఉత్తరీయం కప్పుకుని, చేతులు రెండూ అందులో దాచుకున్నాడు. ఇళ్ళు చూపించే మధ్యవర్తి సూరప్పతో, "నేను సముద్రపు సరుకు వర్తకుణ్ణి" అన్నాడు. గుల్లలు సముద్రపు సరుకే కదా! సూరప్ప ముత్యాలనుకున్నాడు. తిప్పన్న కాదనలేదు. పేటలో కూడా సూరప్ప అలాగే చెప్పాడు.

సూరప్ప దారిలో పేట ఆచారం ఒకటి చెప్పాడు. "అయ్యా, మా పేటలో ఇల్లు చేతులు మారేటప్పుడు, మొట్టమొదటి తాంబూలం ఆ గోడలకు గచ్చు పూసిన మనిషికి ఇస్తారు. దాన్ని గోడ తాంబూలం అంటారు. అది అందుకున్నాకే కొన్నవారికి తాళాలు."

తిప్పన్న ఉత్తరీయంలో చేతుల్ని ఇంకా లోపలికి లాక్కున్నాడు.

మొదటి ఇల్లు ఒక మాజీ సేనాపతిది. బండి విశాలమైన ముంగిట్లోకి వెళ్ళగానే గానుగ ఎద్దు తన బుద్ధి చూపించింది. చదునైన జాగా కనిపిస్తే చాలు, దానికి గానుగే గుర్తొస్తుంది. ఎడమవైపు తిరిగి ముంగిలి చుట్టూ గుండ్రంగా నడవడం మొదలుపెట్టింది. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు చుట్లు. లోపల కూర్చున్న తిప్పన్నకు కళ్ళు తిరిగాయి. సేనాపతి పడీపడీ నవ్వి, "ఎద్దు ప్రదక్షిణలు చేస్తోందేమయ్యా! ఆ తోలే ఆవిడెవరు?" అన్నాడు.

తిప్పన్న గొంతు తగ్గించి, "మా ఇంట్లో పనిమనిషండీ" అన్నాడు.

గొంతు తగ్గించాడు గానీ, అంకమ్మ చెవులు బాగానే పనిచేస్తాయి. ఆమె ఎద్దు మూపు నిమురుతూ ఉండిపోయింది.

ఇల్లు దివ్యంగా ఉంది. తిప్పన్న మేడ మీదికెక్కి చూశాడు. నగరం, కోట, ఏరు అన్నీ కనిపించాయి. ఏటి ఒడ్డున సున్నపు బట్టీల పొగ కూడా కనిపించింది. ఆ పొగ చూడగానే అతని ముఖం మాడిపోయింది. "ఈ ఇల్లు వద్దు" అని దిగిపోయాడు.

వారం తర్వాత రెండో ఇల్లు చూశారు. కొత్తగా కట్టిన ఇల్లు. స్తంభాల మీద చిలకలు, గోడల మీద లతలు, అంతా ధగధగలాడుతోంది. ఆ ఇంటాయన, "ఆ బండి దగ్గరున్నావిడ తమకేమవుతారు?" అని మర్యాదగానే అడిగాడు. ఈసారి తిప్పన్న గొంతు తగ్గించలేదు. "పనిమనిషి" అన్నాడు. అబద్ధం రెండోసారికి అలవాటైపోతుంది.

లోపలికి వెళ్ళాక మాత్రం అతని చెయ్యి అతని మాట వినలేదు. సున్నపు వీధిలో పుట్టినవాడికి గోడ కనిపిస్తే ఊరుకోవడం చేతకాదు. వేలి కణుపుతో గోడను కొట్టాడు. గోటితో గీరాడు. ఆ గోటిని నాలుక మీద పెట్టుకున్నాడు. నాలుక చురుక్కుమంది.

అది మాగని సున్నం! పట్టుమని పదిరోజులు కూడా తొట్టిలో ఉంచినట్టు లేదు. ఎండాకాలం ఇలాగే మెరుస్తుంది. వానలు పడి తడి లోపలికి దిగిందంటే లోలోపల ఉడికి ఉబ్బుతుంది. గోడైతే పెచ్చులూడుతుంది. కప్పయితే కూలుతుంది.

"గచ్చు ఎవరు పూశారండీ?" అని అడిగాడు.

"ఎవరో పొరుగూరివాడు. తొందరగా పూసి వెళ్ళిపోయాడు. గోడ తాంబూలం ఇద్దామన్నా దొరకడు. దాన్ని గోడ దగ్గరే పెట్టేసి తాళాలు ఇచ్చేస్తాను" అన్నాడు ఇంటాయన.

సూరప్ప వింతగా చూస్తూ, "అయ్యా, తమరు గోడను నాకారా?" అన్నాడు.

"లేదు లేదు, పెదవి మీద దుమ్ము పడితే తుడుచుకున్నాను" అన్నాడు తిప్పన్న. చేతులు మళ్ళీ ఉత్తరీయంలోకి వెళ్ళిపోయాయి. ఇల్లు నచ్చలేదని చెప్పి బయటికి నడిచాడు.

వీధి గుమ్మం దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. పేరు కనకాంగి. పేటలో పిల్లలకు వీణ నేర్పే పంతులమ్మ. తన గురువు ఇచ్చిన వీణను భుజానికి ఆనించుకుని ఉంది. ఆమె చుట్టూ ముగ్గురు చిన్న ఆడపిల్లలు, ఆమె శిష్యురాళ్ళు.

"అయ్యా, ఈ ఇల్లు కొందామని వచ్చాను. నా దగ్గరే ఉండి నేర్చుకునే పిల్లలకు చోటు కావాలి. తమరు లోపల చూశారు కదా, ఇల్లు బాగుందా?" అని అడిగింది.

ఒక్క మాట చాలు. కానీ ఆ మాట చెబితే, "సముద్రపు వర్తకుడికి సున్నం సంగతులెలా తెలుసు?" అని సూరప్ప అడుగుతాడు. తిప్పన్న కళ్ళకు పీట, తడిగుడ్డ కనిపించాయి.

"బాగుందమ్మా" అన్నాడు.

బండెక్కాక అంకమ్మ, "నచ్చలేదా?" అని అడిగింది. ఇల్లు నచ్చలేదన్నాడు. నాలుక మీద చురుకు మాత్రం ఇంటికి చేరేదాకా పోలేదు.

మూడో ఇల్లు చూడటానికి వెళ్ళేనాటికి వానలు మొదలయ్యాయి. మూడు రోజులుగా ముసురు పట్టింది. ఆ ఇల్లు వరదాయమ్మ అనే పెద్దావిడది. ఆమె కొడుకుల దగ్గరకు కాశీకి వెళుతూ ఇల్లు అమ్మకానికి పెట్టింది. గడప దాటగానే తిప్పన్న ఆగి గోడల వైపే చూశాడు. గోడలు చల్లగా, తెల్లగా, వెన్న పూసినట్టున్నాయి. ఎక్కడా వెంట్రుకవాసి బీట లేదు. ఇలాంటి గచ్చు పూయగలిగిన చేయి అతనికి తెలిసి ఒక్కటే ఉంది.

"ఇరవై ఏళ్ళయింది నాయనా, ఒక్క పెచ్చు ఊడలేదు. ఇదిగో, ఇక్కడ చూడు" అంటూ వరదాయమ్మ దీపపు గూటి కిందికి చూపించింది. గచ్చు పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో బొటనవేలు నొక్కిన ముద్ర ఉంది. వేలికి అడ్డంగా ఒక పగులు గీత. తిప్పన్నకు అన్నం కలిపి పెట్టిన వేలు అది.

"సున్నపు వీధి అంకమ్మ పూసింది. ఆవిడకు గోడ తాంబూలం ఇవ్వందే ఇల్లివ్వను. ఆవిడ ఎక్కడుందో కబురు పెట్టాలి" అంది వరదాయమ్మ.

చెప్పవలసిన సమయం అదే. తిప్పన్న నోరు తెరిచాడు. పక్కనే సూరప్ప చెవులు రిక్కించుకుని ఉన్నాడు. తిప్పన్న నోరు మూసుకున్నాడు.

ఇంతలో ముంగిట్లో ఎద్దు గంటలు మోగాయి. అది మళ్ళీ గుండ్రంగా తిరుగుతోంది. వరదాయమ్మ వరండాలోకి వచ్చి చూసింది. వానలో తడుస్తూ ఎద్దును అదిలిస్తున్న అంకమ్మను చూసింది. ఆమె చేతుల్ని చూసింది. మెట్లు దిగి, గొడుగు ఆమె మీదికి పట్టి, "అమ్మాయ్, నీ చేతులు సున్నం పని చేసిన చేతులు. సున్నపు వీధి అంకమ్మ నీకు తెలుసా?" అని అడిగింది.

అంకమ్మ ఒక్కసారి తమ్ముడి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. తల వంచుకుని, "తెలీదమ్మా. నేను ఈ అయ్యగారింట్లో పనిమనిషిని" అంది.

పిల్లలూ, మనం ఆడిన అబద్ధాన్ని మన మీద ప్రేమతో ఇంకొకరు మోస్తే ఎలా ఉంటుందో తెలుసా? తిప్పన్నకు నిలబడిన చోటే నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది. పెళ్ళిలో పీట తుడిచిననాటి సిగ్గు దీని ముందు ఎందుకూ పనికిరాలేదు.

అప్పుడే పెద్ద ఉరుము ఉరిమింది. చినుకులు కాస్తా కుంభవృష్టి అయ్యాయి. ఆ హోరులో, వీధి చివర నుంచి సన్నాయి వినిపించింది.

"ఎవరింట్లో శుభకార్యం?" అన్నాడు తిప్పన్న.

"వీణ పంతులమ్మ గృహప్రవేశం అండీ. ఆ రోజు తమరు చూసి వద్దన్న ఇల్లే" అన్నాడు సూరప్ప.

తిప్పన్న పరుగెత్తాడు. ఉత్తరీయం మల్లెపొదకు చిక్కుకుంటే అక్కడే వదిలేశాడు. బురదలో ఒక చెప్పు ఊడిపోతే రెండోది కూడా విసిరేశాడు.

ఆ ఇంటి నడిమి గదిలో పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. కనకాంగి వీణను పీట మీద పెట్టి పసుపూ కుంకుమా పెడుతోంది. బురదకాళ్ళతో తిప్పన్న లోపలికి వచ్చి, "బయటికి రండమ్మా! కప్పు కూలుతుంది!" అని అరిచాడు.

వచ్చిన పెద్దమనుషులు విరుచుకుపడ్డారు. "పాలు పొంగే వేళ అవేం మాటలయ్యా! ముత్యాల వర్తకుడికి కప్పు సంగతి ఏం తెలుసు?"

తిప్పన్న రెండు చేతులూ వాళ్ళ ముందు చాపాడు. "నేను ముత్యాల వర్తకుణ్ణి కాను. సున్నపు వీధి తిప్పన్నను. ఇది మాగని సున్నం. ఆ రోజే నాలుక మీద పెట్టి చూశాను. నాకు తెలుసు. మీ కాళ్ళు పట్టుకుంటాను, బయటికి రండి!"

ఆ చేతులు చూశాక అందరూ పిల్లల్ని ఎత్తుకుని బిలబిల బయటికి వచ్చేశారు. కనకాంగి వీణ కోసం వెనక్కి తిరిగింది. "వద్దమ్మా!" అని తిప్పన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. మరుక్షణం లోపల పెద్ద చప్పుడు. తెల్లటి ధూళి గుమ్మంలోంచి వానలోకి వచ్చి పడింది. పాలూ, పొయ్యీ, పీటా, వీణా, అన్నీ కప్పు కిందే ఉండిపోయాయి.

మనుషులెవరికీ గోరంత దెబ్బ తగలలేదు. అందరూ తిప్పన్నను మెచ్చుకున్నారు. "దేవుడిలా వచ్చావయ్యా" అన్నారు. కనకాంగి మాత్రం మెచ్చుకోలేదు. వానలో అతని ఎదురుగా నిలబడి, నెమ్మదిగానే అడిగింది.

"ఆ రోజు ఇల్లు బాగుందా అని తమరినే అడిగాను. బాగుందన్నారు."

"అవునమ్మా. అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

"నిజం చెబితే నేను సున్నంవాణ్ణని తెలిసిపోతుందని."

"అంతేనా?" అంది ఆమె.

అంతే. అంతకు మించి కారణం ఏమీ లేదు. చుట్టూ వాళ్ళు ఇంకా మెచ్చుకుంటూనే ఉన్నారు. ఆ మెప్పు అతని ఒంటి మీద సున్నపు చుక్కలా మండింది.

వెనక్కి వచ్చేసరికి అంకమ్మ ఇంకా ఎద్దు దగ్గరే ఉంది. వరదాయమ్మ గొడుగు పట్టుకుని పక్కనే నిలబడింది. తిప్పన్న అందరి ముందూ అక్క చేతులు రెండూ పట్టుకున్నాడు.

"ఈమె పనిమనిషి కాదు. నన్ను పెంచిన మా అక్క. మీ గూటి కింద ముద్ర ఈ వేలిదే. రెండుసార్లు నేను అబద్ధమాడాను. మూడోసారి ఆమె చేత ఆడించాను. క్షమించు అక్కా, అనడానికి కూడా నాకు ముఖం లేదు."

"ఊరుకోరా, పెద్దవాళ్ళ ముందు ఏమిటా ఏడుపు" అంది అంకమ్మ. ఆమె కళ్ళు కూడా తడిసే ఉన్నాయి. వానలో ఎవరికీ తెలియలేదు.

వరదాయమ్మ, "ఆ చేతులు చూడగానే నాకు తెలిసిందిలే. కాదని ఆవిడే అంటే నేనేం చెయ్యను? నాయనా, ఇల్లు ఈ రోజు ఇవ్వను. కూలిన కప్పు సంగతి ముందు చూసిరా. అందాకా పంతులమ్మా పిల్లలూ నా దగ్గరే ఉంటారు" అంది.

తిప్పన్న మరునాడే తట్ట నెత్తిన పెట్టుకుని చిరుగాలిపేటకు వచ్చాడు. ఉత్తరీయం లేదు. పాత గచ్చంతా గీకి పారేశాడు. కొత్త సున్నం మూడు నెలలు మాగబెట్టాడు. కొత్త కప్పు వేశాడు. అక్క గచ్చు పూస్తుంటే తట్టలు అందించాడు. ఒకరోజు ఆ దారిన పీట తుడిపించిన నగల వర్తకుడు పల్లకీలో పోతూ తొంగి చూశాడు. తిప్పన్న చేతులు దాచుకోలేదు. రెండూ జోడించి నమస్కారం పెట్టాడు. వర్తకుడే తల తిప్పుకున్నాడు.

పని పూర్తయ్యాక వరదాయమ్మ తన ఇంటి గడప మీద తాంబూలం పళ్ళెంతో నిలబడింది. అంకమ్మ చెయ్యి చాపలేదు. "నేనెవరినని ఇస్తున్నారమ్మా?" అని అడిగి, తమ్ముడి వైపు చూసింది.

"గచ్చు పూసిన అంకమ్మవని. మా అక్కవని" అన్నాడు తిప్పన్న, వీధంతా వినపడేలా.

అప్పుడు అంకమ్మ తాంబూలం అందుకుంది. ఆకుకు రాసిన సున్నం రుచి చూసి, "మన తొట్టిలోదేరా" అని నవ్వింది.

వాళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నారు. ఎద్దు ఆ ముంగిట్లో రోజూ తనివితీరా గుండ్రంగా తిరిగేది. మేడ మీద నుంచి బట్టీల పొగ కనిపించేది. తిప్పన్న పొద్దున్నే లేచి దాన్ని చూసి, గానుగ దగ్గరకు వెళ్ళేవాడు. కనకాంగికి అతను మంచి వీణ చేయించి ఇచ్చాడు. ఆమె కాదనకుండా తీసుకుంది. "పాత దాని పలుకు వేరు" అని మాత్రం ఒకసారి అంది. వీధి చివర నుంచి ఆ వీణ వినిపించినప్పుడల్లా తిప్పన్న చేస్తున్న పని ఆపి తల వంచుకునేవాడు. ముసలివాడయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు.

కాబట్టి పిల్లలూ, చేసే పని చేతికి అంటినందుకు ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు. చెప్పవలసిన నిజాన్ని మింగినందుకే సిగ్గుపడాలి.